ఆదాయ పత్రం కోసం గడువు పోగొట్టుకోకండి

ప్రశ్న: మాది ఎస్సీ కుటుంబం. మా అమ్మ వ్యవసాయ కూలీ, చదువు రాదు. ఆమె సాగు చేసుకుంటున్న ఎకరం నేల తనదేనంటూ ఒకాయన సివిల్ కోర్టులో దావా వేశాడు. సమన్లు అంది పది రోజులైంది. ఉచిత న్యాయవాది కావాలంటే ముందు ఆదాయ ధ్రువీకరణ పత్రం తేవాలంటున్నారు. నిజమేనా? ఊరికే వచ్చే వకీలు కేసు సరిగా చూస్తాడా?
– ఒక పాఠకురాలు

జవాబు: నిజం కాదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ కులాలు, తెగల వారు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండానే ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మీ అమ్మగారికి రెండు విధాలా అర్హత ఉంది. ఆదాయం చూపవలసినవారికి కూడా సాధారణంగా అఫిడవిట్ (ప్రమాణ పత్రం) సరిపోతుంది.

ముందు ఆ సమన్ల కాగితం తీసి, హాజరు కావలసిన తేదీ చూడండి. ఆ రోజు ఎవరూ వెళ్లకపోతే కోర్టు ఎక్స్‌పార్టీగా, అంటే మీ వాదన వినకుండానే, విచారణ సాగించవచ్చు. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా (దావాకు మీ రాతపూర్వక సమాధానం) వేయాలి. తగిన కారణం ఉంటే కోర్టు మొత్తం 90 రోజుల వరకు అనుమతించవచ్చు గాని, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. అక్కర్లేని పత్రం కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే ప్రతి రోజూ ఈ ముప్ఫైలోంచే పోతుంది.

సమన్లు, దావా ప్రతి, కుల ధ్రువీకరణ పత్రం, భూమి కాగితాలు పట్టుకుని జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. వివరాలకు 15100కు ఫోన్ చేయవచ్చు. దరఖాస్తు తెలుగులోనే ఇవ్వవచ్చు. చదువు రానివారి విషయంలో సిబ్బందే వివరాలు అడిగి రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. న్యాయవాది ఫీజుతో పాటు కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు కూడా ఈ సహాయంలో భాగమే.

ఇక ‘ఊరికే వచ్చే వకీలు’ సంగతి. 1976లో రాజ్యాంగంలో చేర్చిన 39ఎ అధికరణం ఉచిత న్యాయ సహాయాన్ని ప్రభుత్వ బాధ్యతగా చెప్పింది కాబట్టి, అడగడానికి మొహమాటం అనవసరం. ప్యానెల్ న్యాయవాదులు, అంటే సంస్థ తన జాబితా నుంచి నియమించేవారు, అందరూ ఒకే శ్రద్ధతో పనిచేస్తారని నేను హామీ ఇవ్వలేను. డబ్బు అడిగినా, వాయిదాలకు రాకపోయినా సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, వేరొకరిని నియమించమని కోరండి. ప్రతి వాయిదాలో ఏం జరిగిందో, మళ్లీ ఎప్పుడో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంటే ఆ ఫిర్యాదుకు బలం ఉంటుంది.

లోక్ అదాలత్‌లో రాజీ పడమని ఎవరైనా చెబితే మాత్రం, షరతులన్నీ మీరు చదివి వినిపించాకే అమ్మగారి చేత వేలిముద్ర వేయించండి. అక్కడ ఇచ్చే అవార్డుపై (రాజీ తీర్పుపై) అప్పీలు ఉండదు. రాజీ కుదరకపోతే కేసు తిరిగి కోర్టుకే వెళుతుంది.