చవక రైఫిల్‌కి ఇంత హంగెందుకు?

ప్రశ్న: టెక్సస్‌లో మా తమ్ముడు చవకగా రూగర్ 10/22 అనే .22 తూటాల రైఫిల్ కొని, దాని ధరకు మించి విడిభాగాలకే పోస్తున్నాడు. ఖరీదైన రైఫిలే కొనుక్కోవచ్చు కదండీ?

జవాబు: 1964లో వచ్చిన ఈ రైఫిల్‌ బ్యారెల్‌ను (తూటా వెళ్లే గొట్టాన్ని) పట్టి ఉంచేవి వీ-బ్లాక్ అనే ఒక బిగింపు ముక్క, రెండు స్క్రూలు. లేత్ పని లేదు, అలెన్ కీతో ఇంట్లోనే మార్చుకోవచ్చు. అసలు ఆకర్షణ ఇదే.

ఫ్యాక్టరీ చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) రకరకాల తూటాలు పట్టేలా కాస్త వదులుగా ఉంటుంది. తూటా బ్యారెల్ లోపలి మెలి గాడుల్లోకి ఏమాత్రం వంకరగా దిగినా దెబ్బలు చెదురుతాయి. బెంట్జ్ అనే బిగుతు కొలత చాంబర్ ఉన్న బ్యారెల్‌లో బిగువుగా, నిటారుగా కూర్చుంటుంది. అయితే 0.920 అంగుళాల లావు బ్యారెల్‌కి వెడల్పు గాడి ఉన్న స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) కూడా కావాలి. చెక్క ఒక పక్క ఒరుసుకుంటే, బ్యారెల్ వేడెక్కేకొద్దీ గురి జరుగుతుంది.

రైఫిల్ బరువు సుమారు 5 పౌండ్లు; ట్రిగ్గర్ నొక్కడానికీ ఇంచుమించు అంత బలం పడుతుంది. ఆ లాగుడుకే గురి కదులుతుంది. సుమారు 3 పౌండ్ల రెడీమేడ్ ట్రిగ్గర్ యూనిట్ వేయించండి. ఇంట్లో సియర్‌ని (ట్రిగ్గర్ నొక్కేదాకా రైఫిల్ పేలకుండా ఆపే కొక్కేన్ని) ఆకురాయితో అరగదీయడం మాత్రం ప్రమాదం: వేలు పడకుండానే పేలవచ్చు.

వీటన్నిటికంటే ముందు తూటాలు మార్చి చూడమనండి. సెకనుకు సుమారు 1,070 అడుగుల వేగంతో వెళ్లే స్టాండర్డ్ వెలాసిటీ రకాలు నాలుగైదు తెచ్చి, 50 గజాల్లో ఒక్కో రకంతో ఐదేసి దెబ్బలు కొట్టి పోల్చాలి.