తాబేళ్ల వల్ల వేట పోయింది, అమ్మాయి తాబేళ్ల చదువే అంటోంది

ప్రశ్న: మాది ఒడిశాలోని గంజాం జిల్లా, రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర. సముద్రం వేటే బతుకు. మా అమ్మాయి ఛత్రపురంలో ప్లస్ టూ సైన్స్ రెండో ఏడు చదువుతోంది. హైదరాబాద్‌లో కృత్రిమ గర్భధారణతో జింకపిల్లను పుట్టించారని ఎక్కడో చదివి, తనూ మన తాబేళ్ల మీద అలాంటి పరిశోధనే చేస్తానని పట్టుబట్టింది. నర్సింగ్‌లో వేస్తే నాలుగేళ్లకు చేతికి అందొస్తుందని మా బావ అంటున్నాడు. తాబేళ్ల కోసమని ఏడు నెలలు వేట ఆపుతున్నారు. ఇప్పుడు ఇంట్లోనూ తాబేలేనా?

జవాబు: మీ చివరి మాట చదివి నవ్వాను గానీ, అందులో బాధ లేకపోలేదు. నవంబర్ 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర 20 కిలోమీటర్ల మేర వల వేయొద్దంటే ఆ ఏడు నెలలూ పొయ్యి ఎలా వెలగాలి? తాబేలు పేరెత్తితే మీకు చిరాకు రావడంలో తప్పేమీ లేదు.

అమ్మాయి చదివినది నిజమే. జీవకణాల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీసీఎంబీ వాళ్లకు, అంతరించిపోతున్న జంతువుల కోసం లాకోన్స్ అనే ప్రయోగశాల హైదరాబాద్‌లో ఉంది. 2006లో ‘స్పాటీ’ అనే చుక్కల జింకపిల్ల, 2007లో ‘బ్లాకీ’ అనే కృష్ణజింక పిల్ల అక్కడి కృషి వల్లే పుట్టాయి. కృష్ణజింకంటే దూరపు సంగతేం కాదు. మీ జిల్లాలోనే భేట్నయ్, బలిపదర్ ఊళ్లవాళ్లు అవి పొలంలో తిరిగితే పంట బాగుంటుందని నమ్మి కాపాడుకుంటున్నారు.

అయితే వార్తలో పిల్ల పుట్టిన రోజే కనిపిస్తుంది, అంతకుముందు పెంటికలు ఏరిన రోజులు కనిపించవు. అడవి జింకను పట్టుకుంటే బెదిరి ప్రాణమే పోవచ్చు. అందుకే దాని జోలికి పోకుండా, అది వేసిన పెంటికలు ఏరి తెచ్చి, వాటిలోని హార్మోన్ల జాడను బట్టి ఎప్పుడు ఎదకొచ్చిందో, చూలు నిలిచిందో లేదో తేలుస్తారు. నెలల తరబడి అదే పని. వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాస్తారు. కరిగించాక ఎన్ని కణాలు కదులుతున్నాయో సూక్ష్మదర్శినిలో లెక్కపెడతారు. జంతువులంటే ముద్దు అనుకుని వచ్చినవాళ్లు ఇక్కడే జారుకుంటారు. మీ అమ్మాయి జారుకునేలా లేదని నా అనుమానం. వేకువన వలలోంచి చేపలు విడదీసే ఇంట్లో పుట్టిన పిల్లకు నీచు వాసన అడ్డమా?

దారులు రెండు. మొదటిది బరంపురంలోని ఐసర్, అంటే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా పరిశోధన సంస్థ. డిగ్రీ, పీజీ కలిపి అయిదేళ్ల బీఎస్-ఎంఎస్. ప్రవేశ పరీక్షలో 60 ప్రశ్నలు. జీవశాస్త్రం, రసాయనం, భౌతికం, గణితం తలా 15. జీవశాస్త్రం పిల్లలు గణితం దగ్గరే బోల్తా పడతారు, ఇప్పటి నుంచే పట్టు సాధించాలి. తర్వాత పీహెచ్‌డీకి మరో అయిదారేళ్లు. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన భృతి) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు. అంటే ఇరవై మూడేళ్లకల్లా తన ఖర్చు తను చూసుకుంటుంది, మీకూ కొంత పంపుతుంది. పర్మనెంటు కొలువు మాత్రం ముప్పై దాటాకే. అదీ పోటీ ఎక్కువ, ఖాళీలు తక్కువ.

రెండోది పశువైద్యం. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. 15 శాతం సీట్లు అఖిల భారత కోటాలో నీట్ మార్కులతో వస్తాయి. నన్నడిగితే మీ ఇంటికి ఇదే మొదటి మాట. పశువులాసుపత్రిలో కొలువు చేతిలో ఉంటుంది. జంతువుల పునరుత్పత్తిలోనే పీజీ చేసి జూలకు, ఇలాంటి ప్రయోగశాలలకు వెళ్లొచ్చు. మత్తిచ్చి జింకను పడుకోబెట్టాలన్నా పశువైద్యులే కావాలి. పులి బొమ్మ వేసి ఆర్నెల్ల ‘వైల్డ్‌లైఫ్ డిప్లొమా’ అమ్మేవాళ్ల గుమ్మం తొక్కకండి.

నర్సింగ్ మంచి చదువే, మీ బావ మాట కొట్టిపారేయను. కానీ మనసు లేని పిల్లను అందులో వేయొద్దు.

ఈసారి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చినప్పుడు అటవీ శాఖవాళ్లతో మాట్లాడి అమ్మాయిని వాళ్లతో పంపండి. సొంతంగా గుడ్లు ముట్టనివ్వొద్దు, చట్టప్రకారం నేరం. గుడ్లు పొదగడానికి నెలన్నర పైనే పడుతుంది. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ. రోజూ ఒకే వేళకు ఇసుక వేడి కొలిచి నోటుబుక్కులో రాసుకోమనండి. పిల్లలు బయటికొచ్చేదాకా ఒక్కరోజూ మానకుండా రాసిందంటే, ఆ పుస్తకం పట్టుకుని మీ ఇద్దరూ మళ్లీ నాకు రాయండి.