శాంతిపథ్‌లో ఒక్క గేటు

తిరుపతి

నాయనా,

నీ వ్యాసం అందింది. ఢిల్లీకి పరీక్ష రాయడానికి పోయి, చేతిలో ఒక పూట మిగిలితే, శాంతిపథ్ రోడ్డు చుట్టూ విదేశాల ఎంబసీలుండే చాణక్యపురి అంతా ఆటోలో తిరిగొచ్చానన్నావు. ఆటోలో తిరిగావని నువ్వు చెప్పకపోయినా తెలిసేది. నాలుగు పేజీల్లో పదకొండు ఎంబసీలు! ఒకటి అద్భుతం, ఒకటి అపురూపం, ఇంకోటి కనువిందు. పేర్లు అటూ ఇటూ మార్చి చదివినా తేడా తెలియదు.

ముందు ఒక తప్పు. 'గేటు దాటితే అది పరాయి దేశపు నేల' అని రాశావు. కాదు, నేల మనదే. అక్కడి దూతల అనుమతి లేకుండా మన పోలీసులైనా లోపల అడుగు పెట్టకూడదని మాత్రమే 1961 నాటి వియన్నా ఒప్పందం చెప్పింది. నిన్ను తిట్టను. పాతికేళ్ల కిందట నేనూ ఇదే మాట ఒక పత్రికలో దర్జాగా రాశాను. రిటైరైన లెక్చరర్ ఒకాయన పోస్టుకార్డు మీద నాలుగు లైన్లలో కడిగిపారేశాడు. ఆ కార్డు ఇప్పటికీ నా డిక్షనరీలోనే ఉంది.

ఇప్పుడు పదకొండులో పది కొట్టెయ్. అమెరికా ఎంబసీ ఒక్కటి ఉంచు. ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్ గీసిందని, 1959లో తెరిచారని రాసి వదిలేశావు. ఆ గోడ అట్లా ఎందుకుందో అడగలేదు. 1950ల్లో అమెరికా విదేశాంగ శాఖ, ఎంబసీలు గీసేవాళ్లకు ఆయా ఊళ్ల ఎండావానలు, అక్కడి కట్టుబడి తీరు చూసుకుని గీయమని చెప్పింది. ఢిల్లీ మే నెల ఎండకు స్టోన్ వేసిన మందు, చిల్లుల జాలీ గోడ. గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, ఎండ మాత్రం ముక్కలు ముక్కలై పడుతుంది. చుట్టూ గదులు, నడుమ నీళ్లూ మొక్కలూ ఉన్న ముంగిలి. ఇది నీకు కొత్తా? మీ అవ్వోళ్ల మండువా ఇల్లు గుర్తు తెచ్చుకో. వాన పడితే నీళ్లన్నీ నట్టనడుమ పడేవని, కాళ్లు తడుపుకుంటూ అటూ ఇటూ ఉరికేవాణ్నని నువ్వే కదా చెప్పావు. ఆ ముక్క వ్యాసంలో ఎక్కడా లేదు. ఉండాల్సిందదే.

జతకు ఇంకొకటి కావాలంటే ఫిన్లాండ్‌ది తీసుకో. రైమా, రైలీ పియెటిలా దంపతులు 1963లో పోటీలో గెలిచిన నమూనా అది. కట్టేసరికి 1980లు వచ్చాయి. తెల్లటి పైకప్పు మంచు అలలా వంపులు తిరిగి ఉంటుంది. ఒకాయన మన ఎండను తలుచుకుని గీస్తే, వీళ్లు తమ మంచును ఇక్కడికి మోసుకొచ్చారు. నాకైతే స్టోన్ పద్ధతే నచ్చుతుంది. నీకు రెండోది నచ్చితే అదే రాయి, కానీ ఎందుకో చెప్పు. బెల్జియం ఎంబసీ ఎర్ర ఇటుకల జోలికి ఇప్పుడు పోకు. దాన్ని గీసిన సతీశ్ గుజ్రాల్ ఆర్కిటెక్చర్ చదవని చిత్రకారుడు, చిన్నప్పుడే వినికిడి పోయినవాడు. ఆయనకు విడిగా ఒక వ్యాసమే కావాలి.

ఇంకో మాట. ఢిల్లీ దాకా పోయినవాడివి, ఇక్కడి చంద్రగిరి కోటను మరిచావే! విజయనగరం చివరి రోజుల్లో అది రాజధాని. పరాయి దేశపు జెసూట్ పాదిరీలు, అంటే క్రైస్తవ గురువులు, వెంకటపతి రాయల కొలువుకు వచ్చారు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు కోట కోసం జాగా ఇచ్చిన దామర్ల వెంకటాద్రి కూడా చంద్రగిరి రాయల కింది నాయకుడే. అప్పట్లో బయటి దేశాలవాళ్లకు ఇట్లా కాంపౌండు గోడలు, వీసా క్యూలు లేవు. రాజు కొలువు ముందు నిలబడి పని అడుక్కోవాల్సిందే. ఇప్పుడు మన పిల్లలు పాస్‌పోర్టు కొండ మీద స్వామికి చూపించి, తెల్లారకముందే చెన్నైలో కాన్సులేట్ ముందు లైన్లో నిలబడుతున్నారు. ఈ తిరగమరగ నీ ఊరి పక్కనే ఉంటే, ఢిల్లీ ఆటోవాలా చెప్పిన కబుర్లు ఎందుకు నాయనా?

ఆదివారం చిత్తూరు నుంచి మొదటి బస్సుకే వచ్చెయ్, చంద్రగిరి పోదాం. ఆ కోటలోని రాజమహల్ కట్టడానికి కొయ్య వాడలేదంటారు, అంతా రాయి, ఇటుక, సున్నం. ఆ కమాను కింద అరగంట ఊరికే కూర్చుందాం. ఎండ ఎక్కడిదాకా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో నోటుబుక్కులో రాసుకో. ఫోను మాత్రం సంచిలోనే ఉండనీ.