ట్యాబ్ కొనాలా, చేత్తోనే రాయాలా?

తమ్ముడూ, గాజువాక నుంచి మద్దిలపాలెం కోచింగ్‌కి బస్సులో తిరుగుతూ గ్రూప్-2 చదువుతున్నానని, ఆరు లాంగ్‌బుక్కులు మోయలేక ట్యాబ్ కొందామనుకుంటున్నానని అన్నావు. ఇప్పుడే కొనకు.

రాజ్యాంగం, ఆంధ్ర చరిత్ర, ఎకానమీ క్లాసు నోట్సు చేత్తోనే రాయి. టైప్ చేస్తే సార్ చెప్పింది చెప్పినట్టు దిగిపోతుంది. చెయ్యి అంత వేగంగా కదలదు కాబట్టి ఏది రాయాలో, ఏది వదలాలో బుర్ర అక్కడికక్కడే తేల్చుకోవాలి. 2014లో అమెరికాలో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో ల్యాప్‌టాప్‌లో నోట్సు టైప్ చేసినవాళ్లు ఎక్కువ మాటలు ఎక్కించుకున్నారు గానీ, అర్థం చేసుకుని జవాబు చెప్పాల్సిన ప్రశ్నల్లో వెనకబడ్డారు. తర్వాత మళ్లీ చేసి చూసినవాళ్లకి తేడా అంత గట్టిగా కనబడలేదులే, దాన్ని వేదవాక్కు అనుకోకు.

కరెంట్ అఫైర్స్ మాత్రం ఫోన్‌లోనే. పదవులు, పథకాల పేర్లు, బడ్జెట్ అంకెలు మారుతూనే ఉంటాయి. కొట్టివేతలతో నా పుస్తకం చివరికి చిత్తుకాగితమైంది.

ఇక బరువు సంగతి. లాంగ్‌బుక్కులు మానేసి విడి కాగితాలు కొనుక్కో. ఆ రోజు క్లాసుకి నాలుగైదు పట్టుకెళ్లి, రాత్రి ఇంటికొచ్చాక సబ్జెక్టు ఫైల్లో పెట్టు. పడుకునే ముందు ఫొటోలు తీసి డ్రైవ్‌లో పడెయ్, బస్సులో అవే తిరగెయ్యొచ్చు.

అన్నట్టు, జెల్ పెన్ను వద్దు. మన వైజాగ్ చెమటకి చెయ్యి ఆనిన చోటల్లా అలుక్కుపోతుంది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని రాసుకున్న నా ఆర్టికల్ 32 పేజీ అలాగే పోయింది.