చిలీ కార్మెనేర్ వైన్‌లో పచ్చి క్యాప్సికం వాసన ఎందుకు?

వైన్ పాడైందని కాదు. కార్మెనేర్ ద్రాక్షలో పైరజీన్లు అనే వాసన పదార్థాలు ఎక్కువ. క్యాప్సికం వాసనకూ అవే కారణం. కాయ పండేకొద్దీ తగ్గుతాయి. చిక్కల్లా, ఈ రకం మెర్లో అనే మరో ద్రాక్ష రకం కంటే 3-4 వారాలు ఆలస్యంగా పండుతుంది. చిలీలో చాలాచోట్ల దీన్ని మెర్లో అనుకుని దాంతోపాటే కోసేసేవారు. 1994లో ఫ్రెంచ్ నిపుణుడు జాన్ మిషెల్ బుర్సికో అసలు రకాన్ని గుర్తుపట్టాకే సంగతి తేలింది.

మంచి కార్మెనేర్‌కి చిలీలోని కచపోఆల్ లోయలో ఉన్న పెయుమో ప్రాంతం పేరుమోసింది. అక్కడి బంకమట్టి తేమను పట్టి ఉంచుతుంది. అందుకే కోతను ఏప్రిల్ చివరిదాకా, ఒక్కోసారి మే దాకా (అక్కడ అది శరదృతువు) ఆపగలరు. గుత్తుల దగ్గరి ఆకులు ముందే తుంచి ఎండ తగలనిస్తారు. మరీ ఆగినా ముప్పే: పులుపు పడిపోయి, ఆల్కహాల్ పెరిగి, జామ్‌లా తయారవుతుంది. దానికంటే కాస్త పచ్చివాసనే నయం. 16–18 డిగ్రీల దగ్గర తాగండి. ఇంకా చల్లబరిస్తే వగరు ఎక్కువ తెలుస్తుంది.