ముసలి కుక్క మలబద్ధకం, కాళ్ల వణుకు

ప్రశ్న: మా లాబ్రడార్ బ్రూనోకు 12 ఏళ్లు. మూడు రోజులుగా దొడ్డికి వెళ్లలేదు. వెనక కాళ్లు వణుకుతున్నాయి, టైల్స్ మీద జారి పడుతున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది డాక్టర్‌గారూ.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడినవే కావచ్చు. దొడ్డికి కూర్చోవాలంటే కుక్క వెనక కాళ్లు మడిచి కాసేపు అలాగే నిలవాలి. తుంటి కీళ్లు అరిగినా, వెన్ను నరాలు నలిగినా అది నరకం. అందుకే ఆపుకుంటుంది. ఆపేకొద్దీ మలం రాయిలా గట్టిపడుతుంది.

మా ఇంటి ముసలి కుక్కకు నేను పాత తువ్వాలు తొడల ముందు, పొట్ట కిందుగా వేసి రెండు కొసలూ పైకి పట్టుకునేవాణ్ని. బరువు నా చేతుల్లోకి రాగానే దాని కాళ్ల వణుకు ఆగేది, తోక పైకి లేచేది. రోజూ తిన్న అరగంటకు అలా తీసుకెళ్లండి.

ఎముకలు పూర్తిగా మానేయండి. అన్నం నీళ్లగా కలపండి. ఉప్పు, కారం లేని ఉడికించిన గుమ్మడికాయ రెండు చెంచాలు చేర్చండి. టైల్స్ మీద రబ్బరు మ్యాట్లు పరవండి.

మనం వాడే నొప్పి మాత్రలు, ఎనిమాలు మాత్రం సొంతంగా వద్దు, ప్రాణం మీదికి వస్తుంది. మూడు రోజులైందన్నారు కాబట్టి రేపటిదాకా ఆగకండి, ఈరోజే పశువుల డాక్టర్‌కు చూపించండి. ఎక్స్‌రేతో పాటు ప్రొస్టేట్ (మగకుక్కల్లో మూత్రాశయం దగ్గరుండే గ్రంథి) కూడా చూడమని అడగండి. అది వాచినా మలం అడ్డుపడుతుంది.