బీకాం చదివిన అమ్మాయికి డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్ రంగం సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతోంది. డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్ కోర్సులో చేరతానంటోంది గానీ కోడింగ్ మీద ఆసక్తి లేదు. కరీంనగర్‌లో మాకు హోల్‌సేల్ మందుల ఏజెన్సీ ఉంది. ఈ రంగంలో ఆమెకు అవకాశాలు ఉంటాయా? – ఒక తండ్రి

జవాబు: ఉంటాయి. డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్ అంటే కంప్యూటర్ల సాయంతో సంస్థలో పని జరిగే తీరునే మార్చడం. కోడింగ్ రాకపోవడం ఇందులో ప్రవేశానికి అడ్డంకి కాదు. సంస్థలో ఒక పని ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తోందో, ఎక్కడ, ఎందుకు ఆగిపోతోందో పసిగట్టగలిగినవారే ఇక్కడ రాణిస్తారు.

మేనేజ్‌మెంట్ నిపుణుడు మైఖేల్ హ్యామర్ 1990లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వివరించిన ఫోర్డ్ ఉదంతాన్ని మీ అమ్మాయి తప్పక చదవాలి. ఉత్తర అమెరికాలో సరఫరాదారులకు చెల్లింపులు చేసే ఫోర్డ్ విభాగంలో 500 మందికి పైగా ఉండేవారు. కంప్యూటర్లు పెడితే 400 మంది చాలని యాజమాన్యం అనుకుంది. జపాన్ కార్ల కంపెనీ మాజ్దాలో అదే పనిని ఐదుగురే చేస్తున్నారు. అది చిన్న కంపెనీయే అయినా, అంత తేడాకు పరిమాణం ఒక్కటే కారణం కాదు. ఫోర్డ్‌లో కొనుగోలు ఆర్డరు, సరుకు అందిన రసీదు, ఇన్వాయిస్, ఈ మూడింటిలోని 14 వివరాలు సరిపోలితేనే చెల్లింపు జరిగేది. గుమాస్తాల కాలమంతా సరిపోలని వాటి కోసం ఆరా తీయడానికే పోయేది. చివరికి ఫోర్డ్ ఇన్వాయిస్‌నే తీసేసింది. సరుకు దిగిన చోటే ఆర్డరును కంప్యూటర్‌లో చూసి, సరిపోతే దించుకోవడం, లేకపోతే తిప్పి పంపడం మొదలైంది; సరిచూడవలసిన వివరాలు మూడుకు తగ్గాయి, సిబ్బంది 75 శాతం తగ్గారు. ఆ 75 శాతమూ మనుషులే కనుక, పనిచేసేవారితో కూర్చుని మాట్లాడకుండా మార్పులు సూచించే అలవాటు ఆమెకు రాకూడదని గట్టిగా కోరుకుంటున్నాను.

ఆసుపత్రి డిశ్చార్జి అయినా, బ్యాంకు రుణమైనా, వ్యవసాయ మార్కెట్ల జాతీయ ఆన్‌లైన్ వేదిక ఈ-నామ్‌లో పసుపు వేలమైనా చూడవలసిన తీరు ఇదే. అయితే ఏదో ఒక రంగం లోతుపాతులు తెలియనివారి సలహాకు విలువ ఉండదు. మీ అమ్మాయికి మందుల వ్యాపారం ఇంట్లోనే ఉంది. గడువు తీరిన మందులను రిటైల్ షాపు తిరిగి ఇచ్చిన రోజు నుంచి, బ్యాచ్ నంబర్లు సరిచూసి, కంపెనీకి పంపి, వాపసు సరుకు విలువకు కంపెనీ ఇచ్చే క్రెడిట్ నోట్ మీ ఖాతాలో పడేవరకు ఎన్ని అంచెలున్నాయో, ఏ వివరాన్ని ఎన్నిసార్లు రాస్తున్నారో ఆమెను మీ గుమాస్తా పక్కన కూర్చుని గమనించమనండి. ఆ క్రమాన్ని బీపీఎంఎన్ (పని అంచెలను బొమ్మగా చూపే ప్రామాణిక పద్ధతి) గుర్తులతో గీసి, ఏ అంచె తీసేయవచ్చో రాస్తే, ఇంటర్వ్యూలో చూపడానికి సర్టిఫికెట్ కంటే అదే బలమైన ఆధారం.

దానితోపాటు ఎక్సెల్, డేటాబేస్ నుంచి వివరాలు వెతికి తీసే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకోవాలి. ఖాతాల మీద ఇష్టముంటే ఎస్ఏపీ ఫైకో (ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్‌లో ఖాతాలు, ఖర్చులు చూసే భాగం) వైపు వెళ్లవచ్చు. బిజినెస్ అనలిస్ట్, ప్రాసెస్ అనలిస్ట్ పేర్లతో ఉద్యోగాలు వెతకండి. సాఫ్ట్‌వేర్ పేర్ల జాబితా తప్ప, ఒక నిజమైన సంస్థ పనితీరును గమనించే ప్రాజెక్టు సిలబస్‌లో లేని కోర్సుకు మాత్రం ఫీజు కట్టకండి.